ఇంకా కోచింగేంటి బాబూ?

మాస్టర్స్‌లో చేరానని చెబితే మన వాళ్ళ దగ్గర్నుంచి వచ్చే మొదటి ప్రశ్న.. "రెండో మాస్టర్సా? డే వన్ సీపీటీనా?" అని. :) కాదు మహాప్రభో! ఇది ఈత మాస్టర్స్. అమెరికాలో పద్దెనిమిదేళ్ళు దాటిన వాళ్ళు కోచ్ పెట్టుకుని ఈత సాధన చేసే క్లబ్బుల్ని మాస్టర్స్ క్లబ్బులంటారు. పేరు చూసి మహా ఈతగాళ్ళు అనుకోకండి. పిల్లలు కాని వాళ్ళు అని మాత్రమే దానర్థం.

ఇది విన్నాక వచ్చే రెండో ప్రశ్న అసలైనది. "ఈత వచ్చు కదా మామా, ఇంకా కోచింగేంటి? ఒలింపిక్స్‌కి గానీ వెళ్తావా ఏంటి?"

నిజానికి ఈ ప్రశ్న అడిగేవాళ్ళ తప్పేం లేదు. మన భాషలో కోచింగ్ అనే మాటకి ఒకటే అర్థం మిగిలింది. ఎంసెట్ కోచింగ్ (ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు లెండి), ఐఐటీ కోచింగ్, గ్రూప్స్ కోచింగ్, బ్యాంక్ కోచింగ్. నల్లకుంటలో రామయ్య గారి ఇన్‌స్టిట్యూట్‌లో సీటు రావడానికి కూడా విడిగా కోచింగులుండేవని మా సీనియర్లు కథలు కథలుగా చెప్తారు. ఆ తర్వాత అమీర్‌పేట. జావా కోచింగ్, టెస్టింగ్ కోచింగ్. అన్నిటికీ చివర ఒక గేటుంటుంది, ఆ గేటు దాటితే కోచింగ్‌తో పని అయిపోయినట్టే. అవతలి వైపు రాంకో, సీటో, ఉద్యోగమో ఉండాలి. ఏమీ లేకపోతే అది డబ్బులు దండగ, టైము దండగ. అందుకే ఏ గేటూ లేని చోట, ఉద్యోగం చేసుకుంటున్న మనిషి పొద్దున్నే ఐదున్నరకి లేచి వెళ్ళి డబ్బులిచ్చి మరీ తప్పులు దిద్దించుకుంటున్నాడంటే మనకి వింతగా ఉంటుంది.

ఇక్కడ చెప్పదలుచుకున్నది ఏంటంటే, ఆ వింతే మనకిప్పుడు అవసరం. ఎందుకో తర్వాత చెప్తాను. ముందు అసలు ఆ గంటలో ఏం జరుగుతుందో చెప్పనివ్వండి. చాలామందికి అదొక పెద్ద బ్రహ్మపదార్థం.

కొలను పొడవు ఇక్కడ సాధారణంగా 25 గజాలు. అంటే 22.86 మీటర్లు. (ప్రపంచమంతా మీటర్లలో ఈదుతుంటే వీళ్ళు గజాల్లో ఈదుతారు. మైళ్ళు, పౌండ్లు, ఫారెన్‌హీట్‌లకి అలవాటు పడ్డాం కాబట్టి దీనికీ పడతాం.) లేన్లు వేగాన్ని బట్టి పంచుతారు, వయసుని బట్టి కాదు. ఒక్కో లేన్‌లో నలుగురో ఐదుగురో ఉంటారు. వెళ్ళేటప్పుడు ఒక పక్క, వచ్చేటప్పుడు రెండో పక్క, గీతకి కుడివైపు ఉంటూ చుట్టూ తిరుగుతూ ఈదాలి. అచ్చం ఇక్కడి రోడ్డు లాగే. ఒకరి వెనక ఒకరు ఐదు సెకన్ల తేడాతో బయల్దేరతారు. వెనకాయన మీకంటే వేగంగా ఉంటే మీ పాదాన్ని చిన్నగా తడతాడు. తర్వాతి గోడ దగ్గర మీరు మూలకి జరిగి దారివ్వాలి. హారన్లు లేవు, తిట్లు లేవు. మన ట్రాఫిక్‌కి అలవాటు పడ్డ ప్రాణానికి ఇది చూడముచ్చటగా ఉంటుంది.

గోడ మీదో గట్టు మీదో ఒక పెద్ద గడియారం ఉంటుంది. గంటల ముల్లు లేదు, టైమెంతయిందో అది చెప్పదు. ఎర్రటి సెకన్ల ముల్లు మాత్రం గిర్రున తిరుగుతూ ఉంటుంది. కోచ్ బోర్డు మీద సెట్ రాస్తాడు. "ఎనిమిది వందలు, 2:45 మీద" అన్నాడనుకోండి.. నూరు గజాలు ఎనిమిది సార్లు ఈదాలి, ప్రతి 2 నిమిషాల 45 సెకన్లకీ ఒకసారి బయల్దేరాలి అని. ఇందులో కిటుకుంది. విశ్రాంతి విడిగా ఇవ్వరు, ఆ 2:45 లోనే కలిసి ఉంటుంది. మీరు 2:20కి వస్తే 25 సెకన్లు ఊపిరి పీల్చుకోవచ్చు. మొదటిది వీరావేశంతో 2:00కి కొట్టి 45 సెకన్లు సంపాదించినవాడు ఐదోదానికల్లా 2:43కి గోడ పట్టుకుని రొప్పుతుంటాడు. అదే అమ్మమ్మ వయసున్న ఒకావిడ పక్క లేన్‌లో ఎనిమిదీ ఒకే టైముకి, ఒక్క సెకను అటూ ఇటూగా ఈదేసి, నీళ్ళ సీసా మూత తీసి ప్రశాంతంగా తాగుతూ ఉంటుంది. మీరూ నేనూ సాఫ్ట్‌వేర్‌లో చూసే డెడ్‌లైన్ కథే ఇది. కాకపోతే ఇక్కడ పదిహేను నిమిషాల్లో ఫలితం తేలిపోతుంది.

మరి ఎవరికి 2:45, ఎవరికి 1:40 అనేది ఎలా తేలుస్తారు? దీనికో చిన్న లెక్కుంది, మన వాళ్ళకి నచ్చుతుంది. 400 ఒకసారి, 200 ఒకసారి ఎంత వేగంగా వీలైతే అంత వేగంగా ఈదిస్తారు. 400కి 9:00, 200కి 4:20 పట్టిందనుకోండి. తేడా 4:40. అంటే 200 గజాల తేడాకి 280 సెకన్లు, నూటికి 2:20. అలసట పేరుకుపోకుండా చాలాసేపు నిలబెట్టుకోగల వేగం సుమారుగా అదన్నమాట. మిగతా సెట్లన్నీ దాని చుట్టూ అల్లుతారు. ఇందులో "నువ్వు ఎంత గొప్పవాడివి" అన్న ప్రశ్న ఎక్కడా లేదు గమనించారా? నీ అంకె నీది, పక్క లేన్ అంకె పక్క లేన్‌ది. మార్కుల జాబితా గోడకి అంటించిన కాలేజీల్లో చదివిన మనకి ఇది అర్థమవడానికి కొంచెం టైము పడుతుంది.

సరే, ఇదంతా గడియారం పెట్టుకుని ఒక్కళ్ళమే చేసుకోవచ్చు కదా, యూట్యూబ్‌లో బోలెడు వీడియోలున్నాయి కదా అంటారు. ఉన్నాయి. మంచివే ఉన్నాయి. కానీ నీళ్ళలో ఉన్నప్పుడు మన ఒళ్ళు మనకి చెప్పేది నిజం కాదు. ఇది మాత్రం రాసి పెట్టుకోండి. చెయ్యి తిన్నగా వెళ్తోందనిపిస్తుంది, కానీ తలకి అడ్డంగా దాటి అవతలి వైపు పడుతుంటుంది. కాళ్ళు నీటి పైనే ఉన్నాయనిపిస్తుంది, కానీ అడుగున్నర లోతులో ఈడ్చుకుంటూ వస్తుంటాయి. కారణం మామూలు ఫిజిక్సే. ఊపిరితిత్తులు గాలితో తేలతాయి, కాళ్ళు బరువుకి మునుగుతాయి. ఊపిరి కోసం తల పైకెత్తితే తక్కెడలాగా నడుము కిందికి పోతుంది. నీరు గాలికంటే సుమారు 800 రెట్లు సాంద్రమైనది కాబట్టి అలా ఏటవాలుగా ఉన్న ఒంటిని ముందుకి నెట్టడానికి ఎంత బలమున్నా చాలదు. బలం పెంచితే అలసట పెరుగుతుంది, వేగం పెరగదు. జిమ్‌లో కండలు పెంచిన కుర్రాళ్ళు రెండు పొడవులకే గోడ పట్టుకోవడం, బొజ్జ ఉన్న పెద్దాయన నలభై పొడవులు ఆగకుండా ఈదడం వెనకున్న రహస్యం ఇదే.

దీన్ని బయటనుంచి చూసే ఒక కన్ను కావాలి. మన భాషలో చెప్పాలంటే కోడ్ రివ్యూ. మీరు రాసిన కోడ్‌లో బగ్ మీకు కనపడదు, ఎందుకంటే మీరు స్క్రీన్ మీదున్నది కాకుండా మీ బుర్రలో ఉన్నది చదువుతారు. పక్కవాడు రెండు నిమిషాల్లో పట్టుకుంటాడు. మంచి కోచ్ గట్టు మీద నడుస్తూ చేసేది సరిగ్గా ఇదే. పైగా మంచి రివ్యూయర్ లాగే ఒకసారి ఒకటే చెప్తాడు. "ఈ నూరు గజాలూ నీళ్ళలో ఊపిరి వదలడం మీదే ధ్యాస పెట్టు, ఇంకేం పట్టించుకోకు." అంతే. పది తప్పులు ఒకేసారి చెప్పేవాడు తన తెలివి చూపించుకుంటున్నాడని లెక్క.

డ్రిల్స్ అని కొన్ని చేయిస్తారు. పిడికిలి బిగించి ఈదడం, పక్కకి తిరిగి ఒక చెయ్యి చాపి కాళ్ళు మాత్రమే ఆడించడం, ముందున్న చేతిని రెండోది వచ్చి తాకేదాకా కదపకపోవడం.. చూసేవాళ్ళకి పిచ్చి చేష్టల్లా ఉంటాయి. పిడికిలితో నాలుగు పొడవులు ఈదాక చెయ్యి విప్పి చూడండి. అరచెయ్యి తెడ్డంత పెద్దదైనట్టు అనిపిస్తుంది. మోచేతి కింద భాగమంతా నీటిని పట్టుకోవాలన్న సంగతి ఏ వీడియో చూసినా అలా ఎక్కదు.

ఇప్పుడు అసలు విషయానికొస్తా. మన తరం మధ్యతరగతి తెలుగువాళ్ళలో ఈత రానివాళ్ళెందుకు ఇంతమంది? మా తాతల కాలంలో పల్లెల్లో మగపిల్లలకి ఈత రాకపోవడమే వింత. ఎండు సొరకాయ బుర్రలు నడుముకి కట్టి మామయ్యో బాబాయో దిగుడుబావిలోకి తోసేసేవాడు. వారంలో ఈత, బతికి బట్టకడితే. :) తర్వాత బావులు ఎండాయి, చెరువులు ప్లాట్లయ్యాయి, మనం హాస్టళ్ళకి వెళ్ళాం. ఇంటర్‌లో ఆటల పీరియడే లేనివాళ్ళకి ఈత కొలను ఎక్కణ్ణుంచి వస్తుంది?

దీనికి తోడు జాతకం. "నీటి గండం ఉంది, వీణ్ణి నీళ్ళ దగ్గరికి పంపకండి" అని సిద్ధాంతి గారు చెప్పడం, ఇంట్లోవాళ్ళు బకెట్ నీళ్ళు తప్ప ఇంకేమీ చూపించకుండా పెంచడం మనలో చాలామందికి తెలిసిన కథే. నాకు జాతకాల మీద పెద్ద అభిప్రాయం లేదు గానీ, నమ్మేవాళ్ళనే అడుగుతున్నా. నీటి గండం ఉన్నవాడికి ముందుగా నేర్పించాల్సింది ఈతే కదా? అగ్ని ప్రమాదం ఉందని తెలిస్తే నిప్పార్పే సిలిండర్ కొనుక్కుంటాం గానీ, సిలిండర్ ముట్టుకోవద్దని ఒట్టు వేయించుకోం కదా?

ఇక ఆడపిల్లల సంగతి. మా లేన్‌లో విజయవాడ అక్క ఒకావిడ ఉన్నారు. నలభై దాటాయి, ఇద్దరు పిల్లలు. టెస్టింగ్‌లో మేనేజరు. ఆవిడ చెప్పిన మాట ఒకటి నాకు అలా ఉండిపోయింది. చిన్నప్పుడు సెలవుల్లో అన్నదమ్ములు బందరు కాలవలో దూకి ఈదుతుంటే గట్టున కూర్చుని వాళ్ళ చొక్కాలు కాపలా కాయడం ఈవిడ పని. అంత నీళ్ళ పక్కన పుట్టి పెరిగి, పుష్కరాల్లో మోకాళ్ళ లోతుకి మించి ఏనాడూ దిగలేదు. మొదట పెద్దల ప్రారంభ క్లాసులో చేరి, పాతిక గజాలు ఆగకుండా ఈదగలిగాక ఇటొచ్చారు. బట్టల గురించి అడిగితే నవ్వారు. "పొడుగు చేతులు, మోకాళ్ళ దాకా ఉండే ఈత దుస్తులు దొరుకుతాయి తమ్ముడూ, అది సమస్య కాదు. నీళ్ళలోకెళ్ళాక ఎవరి గోల వాళ్ళది, ఎవరూ ఎవర్నీ చూడరు. చూస్తారని మనకి చెప్పి పెట్టారంతే" అన్నారు. ఇప్పుడు ఆవిడ నూటికి మూడు నిమిషాల లోపే ఈదుతున్నారు. ఎవరికీ రాంకు రాలేదు, ఏ గేటూ తెరుచుకోలేదు.

మనకి "ఈతకి మించిన లోతు లేదు" అని సామెతొకటుంది. తెగించినవాడి ధైర్యం గురించి చెప్పింది. నాకు మాత్రం నీళ్ళ విషయంలో ఈ సామెత ప్రమాదకరం అనిపిస్తుంది. లోతు ఒక్కటే చంపదు. చలి చంపుతుంది, ప్రవాహం చంపుతుంది, కంగారు అన్నిటికంటే ముందు చంపుతుంది. 2022 నవంబర్‌లో మిస్సోరీలోని ఓజార్క్స్ సరస్సులో ఇద్దరు తెలుగు విద్యార్థులు పోయారు. 2024 ఏప్రిల్‌లో స్కాట్లండ్‌లో లిన్ ఆఫ్ టమ్మెల్ దగ్గర మరో ఇద్దరు. ఇవి గుర్తున్నవి మాత్రమే, లోపల్లోపల పేజీల్లో వచ్చి పోయేవి ఇంకెన్నో. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం నీట మునిగి చనిపోయేవాళ్ళు ప్రపంచంలో ఏటా 3 లక్షల దాకా ఉంటారు.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. ఈత వస్తే వీళ్ళందరూ బతికేవాళ్ళు అని ఎవరూ అనలేరు, అనకూడదు. 2014 జూన్‌లో హిమాచల్‌లో బియాస్ నదిలో హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారే, అది డ్యామ్ నుంచి ఒక్కసారిగా వదిలిన నీళ్ళు. అక్కడ ఎంత ఈతగాడైనా ఏం చేస్తాడు? ఆ తప్పు నీళ్ళు వదిలినవాళ్ళది, హెచ్చరిక ఇవ్వనివాళ్ళది. దాన్ని "మన పిల్లలకి ఈత రాదు" అనే లెక్కలో వేస్తే అసలు బాధ్యుల్ని వదిలేసినట్టవుతుంది.

కానీ పద్ధతిగా ఈత నేర్చుకున్నవాళ్ళలో నేను గమనించింది ఒకటుంది. వాళ్ళకి నీళ్ళంటే ఎక్కువ భయం. అంటే వణికే భయం కాదు, లెక్కలున్న భయం. మెల్లగా నీళ్ళలోకి దిగడం, ఆగిన చోటే తేలుతూ ఉండడం, వెల్లకిలా పడుకుని ఊపిరి సర్దుకోవడం ముందు నేర్పిస్తారు. నూరు గజాలకి తన ఒంట్లో ఎంత మిగులుతుందో గడియారం పక్కన కొలుచుకున్నవాడు, "అవతలి గట్టు దగ్గర్లోనే ఉంది కదా, ఈదేద్దాం" అనే మాటని అంత తేలిగ్గా అనడు. ఫోటో కోసం నాచు పట్టిన రాయి మీద నిలబడేముందు ఒకసారి చూస్తాడు. నాలుగు మునకలేసి "ఈత వచ్చు" అనుకునే వాడికంటే, అసలు రానివాడికంటే కూడా, ఇతను సురక్షితం అని నా అభిప్రాయం. అందుకే పిల్లల వేసవి క్యాంపుతో ఈత చదువు అయిపోయిందనుకోవడం నాకు నచ్చదు.

అలాగని ఈ క్లబ్బులేమీ స్వర్గాలు కావు. కోచ్ కళ్ళు ఎక్కువగా వేగంగా ఈదే లేన్ల మీదే ఉంటాయి. పోటీలకెళ్ళేది వాళ్ళే, అందంగా ఈదేదీ వాళ్ళే, కాబట్టి చూడబుద్ధేస్తుంది. అవసరం ఎక్కువున్న నెమ్మది లేన్‌కి "గుడ్ జాబ్ గైస్" అనే ప్రసాదం దక్కుతుంది. ఇది తప్పు, అడగాలి. "ఇవాళ నా ఊపిరి ఒక్కటీ చూడండి" అని నోరు తెరిచి అడిగితే ఏ కోచూ కాదనడు. మన సమస్యల్లా క్లాసులో చెయ్యెత్తే అలవాటు లేకపోవడం. ఇంకోటి, అసలు ఈత రానివాళ్ళు నేరుగా చాలా క్లబ్బుల్లో చేరలేరు. వాళ్ళకి పెద్దల కోసం విడిగా నేర్పించే క్లాసులుంటాయి, ఇక్కడ ఏప్రిల్ నెలని పెద్దలు ఈత నేర్చుకునే నెలగా జరుపుతారు కూడా. కానీ ఆ సంగతి మన వాట్సాప్ గ్రూపుల్లోకి రాదు. ఐ-140 అప్రూవల్ వచ్చిన నిమిషంలో తెలుస్తుంది, ఇది తెలీదు. మన సంఘాలు సినిమా వాళ్ళని విమానాల్లో తెప్పించే ఖర్చులో ఓ ముక్కతో ఊరి కొలనులో రెండు లేన్లూ ఓ కోచూ వేసవంతా అద్దెకి దొరుకుతారు. కొత్తగా దిగిన ఎమ్మెస్ పిల్లలకి సరకులూ, పరుపులూ సర్దిపెట్టే మంచి మనసులున్నాయి మనకి. అదే జాబితాలో ఇదొకటి చేర్చడానికి ఏం అడ్డం?

ఇదంతా మొదలైంది కూడా పెద్ద హంగులతో కాదు. 1970 మే నెలలో ఇదే టెక్సాస్‌లో, అమరిల్లోలో మొదటి జాతీయ మాస్టర్స్ పోటీలు జరిగాయి. పట్టుమని యాభై మంది కూడా లేరు. రాన్సమ్ ఆర్థర్ అనే నేవీ డాక్టరు దీని వెనకున్న మనిషి. ఆయన ఆలోచన పతకాలు కాదు. ముందో చిన్న లక్ష్యం ఉంటే పెద్దవాళ్ళు వ్యాయామం మానకుండా చేస్తారని. ఇప్పటికీ పోటీలు ఐదేళ్ళకొక వయోవర్గంగా జరుగుతాయి. కొత్త వర్గంలోకి అడుగుపెడితే అందరిలో చిన్నవాడివి అవుతావు కాబట్టి అరవై ఐదు నిండుతున్నాయని సంబరపడే మనుషుల్ని నేను మొదటిసారి ఇక్కడే చూశా. అంతర్జాతీయ మాస్టర్స్ రిలేల్లో అయితే నలుగురి వయసులూ కూడి మరీ వర్గం నిర్ణయిస్తారు. జట్టులో ఓ డెబ్భై ఏళ్ళ తాతగారుంటే ఎంత విలువో చూడండి!

హైదరాబాద్‌లో ఇది ఎందుకు ఉండకూడదు? గచ్చిబౌలి స్టేడియంలో, అదీ ఐటీ కంపెనీల నడిబొడ్డున, 2003 ఆఫ్రో ఏషియన్ క్రీడలనాటి పెద్ద కొలనుంది. గేటెడ్ కమ్యూనిటీల్లో అయితే బ్రోచర్ మీద నీలంగా మెరిసే కొలను లేనిదే ఫ్లాటే అమ్ముడుపోదు. సాయంత్రం వెళ్ళి చూస్తే ఏముంటుంది? పిల్లలకి కోచ్, అమ్మానాన్నలకి గట్టు మీద కుర్చీలు. ఆ కుర్చీల్లోవాళ్ళు మనవాళ్ళే, మన వయసువాళ్ళే, మెడ నొప్పికీ నడుం నొప్పికీ ఫిజియోథెరపీ చేయించుకుంటున్నవాళ్ళే. "ఇప్పుడేం నేర్చుకుంటాం లెండి" అంటారు. గోలి శ్యామల గారు నలభైల్లో ఈత నేర్చుకుని 2021 మార్చిలో శ్రీలంక నుంచి మన ఒడ్డు దాకా పాక్ జలసంధి ఈదేశారు. అంత అక్కర్లేదు. పాతిక మీటర్లు, ఆగకుండా, ముక్కుల్లోకి నీళ్ళు పోకుండా. పెద్దవాళ్ళకి వారానికి మూడు రోజులు, తొమ్మిదింటికి పిల్లలు ఖాళీ చేశాక, అదే కోచ్‌ని ఇంకో గంట ఉండమంటే సరిపోతుంది. అపార్ట్‌మెంట్ సంఘం మీటింగులో పార్కింగ్ గొడవ అయ్యాక ఎవరైనా ఈ మాట ఎత్తి చూశారా?

మాదాపూర్, కొండాపూర్ వైపు ఎక్కడైనా పెద్దవాళ్ళకి కోచ్‌తో బ్యాచ్ నడుస్తుంటే ఎవరికైనా తెలిస్తే చెప్పండి. ముఖ్యంగా ఆడవాళ్ళకి కుదిరే టైములున్నవి. మా అక్కా బావా నానక్‌రామ్‌గూడలో ఉంటారు, ఆర్నెల్లుగా వెతుకుతున్నారు.